ఇంటికి రెండు నెట్ కనెక్షన్లు: లైనక్స్ కెర్నల్‌లో ఐపీ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి

బెంగళూరులో మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఇంటి నుంచి పనిచేసే మనవాళ్లు చాలామంది రెండు నెట్ కనెక్షన్లు పెట్టుకుంటున్నారు. ఒకటి ఫైబర్, రెండోది సిమ్ వేసిన 4జీ రూటర్. రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగినా మీటింగ్ మధ్యలో టెన్షన్ పడకూడదని ఈ ఏర్పాటు. ఆ రెండింటినీ ఓ పాత పీసీకి కలిపి, దాన్నే ఇంటి రూటర్‌గా వాడుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లైనక్స్ కెర్నల్‌ను, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, సొంతంగా బిల్డ్ చేసేటప్పుడు నెట్‌వర్కింగ్ మెనూలో ఏవి పెట్టాలి, ఏవి వదిలేయాలి, బూట్ అయ్యాక వాటిని ఎలా నడిపించాలి అనేది వరసగా చూద్దాం.

ఉబుంటు, డెబియన్ వాళ్లు ఇచ్చే కెర్నల్‌లో ఈ ఆప్షన్లు దాదాపు అన్నీ ముందే ఉంటాయి. రూటర్ నడిస్తే చాలు అనుకుంటే కెర్నల్ జోలికి పోకుండా 'బూట్ అయ్యాక' అన్న భాగం నుంచి చదువుకోండి. ఎంబెడెడ్ బోర్డుల మీద పనిచేసేవాళ్లు, అనవసరమైనది ఏదీ లేని చిన్న కెర్నల్ కావాలనుకునేవాళ్లు, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఉన్నవాళ్లు మొదటి నుంచి రండి. అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మెనూలో వై నొక్కితే కెర్నల్‌కు ఆ పని చేయడం వస్తుంది, అంతే. ఆ పని మొదలు కావాలంటే బూట్ అయ్యాక సెట్టింగ్ కూడా మార్చాలి. 'ఆప్షన్ పెట్టాను, అయినా పనిచేయట్లేదు' అనేవాళ్ల సమస్య ఎక్కువసార్లు ఈ రెండో సగంలోనే ఉంటుంది.

ముందుగా కావలసినవి

మామూలు పీసీ మదర్‌బోర్డు మీద ల్యాన్ పోర్టు ఒకటే ఉంటుంది. మనకు మూడు కావాలి: ఫైబర్‌కు ఒకటి, సిమ్ రూటర్‌కు ఒకటి, ఇంటి స్విచ్‌కు ఒకటి. ఎస్పీ రోడ్డుకు వెళితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు, యూఎస్‌బీ అడాప్టర్లు రెండూ దొరుకుతాయి. కొనేటప్పుడు డబ్బా మీది బ్రాండ్ కంటే లోపలున్న చిప్ ఏమిటో అడగండి. రియల్‌టెక్ 8111 అయితే కెర్నల్‌లో ఆర్8169 డ్రైవర్, యూఎస్‌బీ అడాప్టర్‌లో 8153 అయితే ఆర్8152 డ్రైవర్ పెట్టాలి. చిప్ పేరు తెలియకుండా కొంటే తర్వాత మెనూలో వెతుక్కోవడమే పని అవుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, వీటితో పాటు ఎన్‌కర్సెస్, ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎల్ఫ్ లైబ్రరీల డెవ్ ప్యాకేజీలు ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. కెర్నల్ సోర్స్ కెర్నల్.ఆర్గ్ నుంచే తీసుకోండి. రూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే యంత్రం కాబట్టి అన్నిటికంటే కొత్త వెర్షన్ కోసం తాపత్రయపడొద్దు. లాంగ్‌టర్మ్ అని గుర్తుపెట్టిన సిరీస్‌లో ఏదైనా తీసుకోండి. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 అలాంటిదే.

కాన్ఫిగ్ ఫైల్‌ను సున్నా నుంచి మొదలుపెట్టకండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ బూట్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని సోర్స్ ఫోల్డర్‌లోకి '.కాన్ఫిగ్' పేరుతో కాపీ చేసి, 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' ఇవ్వండి. పాత జవాబులన్నీ అలాగే ఉండి, కొత్త వెర్షన్‌లో పుట్టిన ప్రశ్నలకు డీఫాల్ట్ జవాబులు పడతాయి.

బిల్డ్ త్వరగా అవ్వాలంటే తర్వాత 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' ఇవ్వొచ్చు. ఆ క్షణంలో మెషీన్‌లో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను (కావలసినప్పుడు లోడ్ అయ్యే కెర్నల్ ముక్కలను) మాత్రం ఉంచి, మిగతావన్నీ తీసేస్తుంది. సౌకర్యం ఎంతో, చిక్కు కూడా అంతే. యూఎస్‌బీ అడాప్టర్ పెట్టకుండా ఈ కమాండ్ ఇస్తే దాని డ్రైవర్ పోతుంది. ఫైర్‌వాల్ రూల్స్ ఇంకా రాయకపోతే నాట్ మాడ్యూళ్లూ (ఇంటి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చేవి) పోతాయి. కాబట్టి అడాప్టర్లన్నీ తగిలించి, మాస్కరేడ్ రూల్ (ఆ నాట్‌ను చేయించే ఫైర్‌వాల్ రూల్) కనీసం ఒకటైనా వేశాకే ఈ కమాండ్ నడపండి.

ఉబుంటు కాన్ఫిగ్‌తో మొదలుపెడితే ఇంకో రెండు మార్పులు తప్పవు. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అనే చోట్ల ఉబుంటు వాళ్ల సర్టిఫికెట్ ఫైళ్ల పేర్లు ఉంటాయి. ఆ ఫైళ్లు మీ దగ్గర ఉండవు కాబట్టి బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. రెండింటినీ ఖాళీ చేయండి. అలాగే కెర్నల్ హ్యాకింగ్ మెనూలో డీబగ్ సమాచారాన్ని ఆపేయండి. డిస్క్‌లో పట్టే చోటు, పట్టే సమయం బాగా తగ్గుతాయి.

మెనూలోకి

'మేక్ మెనూకాన్ఫిగ్' ఇస్తే నీలి తెర వస్తుంది. వై అంటే కెర్నల్‌లోనే కలిసిపోతుంది, ఎం అంటే విడిగా మాడ్యూల్ అవుతుంది, ఎన్ అంటే ఉండదు. ప్రశ్నార్థకం గుర్తు నొక్కితే ఆ ఆప్షన్ గురించిన సహాయం వస్తుంది. దాన్ని చదివే అలవాటు చేసుకోండి. రాసినవాళ్లు సామాన్యులు కారు, చాలాచోట్ల 'అర్థం కాకపోతే ఎన్ అనండి' అని కూడా చెబుతారు. స్లాష్ నొక్కితే పేరుతో వెతకొచ్చు. ఏ ఆప్షన్ మెనూలో కనిపించకపోయినా ముందు స్లాష్‌తో వెతకండి. అది దేని మీద ఆధారపడుతుందో అక్కడే చూపిస్తుంది, ముందు ఆ ఆధారాన్ని ఆన్ చేస్తే అసలుది బయటికి వస్తుంది.

జనరల్ సెటప్‌లో లోకల్ వెర్షన్ అనేచోట మీకు నచ్చిన తోక ఒకటి తగిలించండి. బూట్ అయ్యాక 'యూనేమ్ -ఆర్' ఇస్తే మీ కెర్నలే నడుస్తోందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది. తర్వాత 'నెట్‌వర్కింగ్ సపోర్ట్', దాని లోపల 'నెట్‌వర్కింగ్ ఆప్షన్స్'కి వెళ్లండి. మన పని ఎక్కువ భాగం ఇక్కడే.

ప్యాకెట్ సాకెట్, యూనిక్స్ డొమైన్ సాకెట్లు, టీసీపీ/ఐపీ నెట్‌వర్కింగ్ మూడూ వై ఉండాలి. ప్యాకెట్ సాకెట్‌ను అనవసరం అనుకుని తీసేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పనిచేయదు, రూటర్‌ను అడిగి అడ్రస్ తెచ్చే డీహెచ్‌సీపీ క్లయింట్లలో చాలావాటికి ఐపీ అడ్రస్ కూడా దొరకదు.

ఐపీ మల్టీకాస్టింగ్ వై. ప్రింటర్‌నూ టీవీనూ ఫోన్ తనంతట తాను కనిపెట్టడం 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రస్ (ఒకేసారి చాలా మెషీన్లకు చేరేది) మీదే ఎక్కువగా జరుగుతుంది. దాని పక్కనే ఉండే మల్టీకాస్ట్ రూటింగ్ మాత్రం ఎన్. పేరు చూసి ఇంట్లో రెండు నెట్‌వర్కుల మధ్య ప్రింటర్ కనిపించడానికి పనికొస్తుందనుకుంటారు, పనికిరాదు. ఆ మెసేజీలు ఒకే లింక్ దాటకుండా ఉండేలా పెట్టిన అడ్రస్ అది. దానికి అవాహీ అనే ప్రోగ్రామ్‌లో ఉండే రిఫ్లెక్టర్ కావాలి.

ఐపీ అడ్వాన్స్‌డ్ రూటర్

ఈ ఆప్షన్ పేరు చూసి, ఇది లేకపోతే ప్యాకెట్లను ఫార్వర్డ్ చేయడమే కుదరదని అనుకుంటారు. నిజానికి వై పెట్టడం వల్ల కెర్నల్ నేరుగా ఏమీ మారదు. దాని కింద దాగిన ప్రశ్నలు మెనూలో కనిపిస్తాయి, అంతే. ఒకే కనెక్షన్ ఉన్న ఇంటి రూటర్‌కు ఇది లేకపోయినా నడుస్తుంది. మనకు రెండున్నాయి కాబట్టి వై పెట్టి కిందికి దిగండి.

అసలు కావలసింది పాలసీ రూటింగ్. కాన్ఫిగ్ ఫైల్‌లో దీని పేరు ఐపీ_మల్టిపుల్_టేబుల్స్. మామూలుగా కెర్నల్ ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చూసి దారి నిర్ణయిస్తుంది. ఇది పెడితే ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద ఏ మార్క్ ఉంది అనేవి కూడా చూసి, వేరే రూటింగ్ టేబుల్‌కు పంపగలదు. రెండు కనెక్షన్ల ఇంటికి ప్రాణం ఇదే. ఫైబర్ కార్డు అడ్రస్‌తో బయల్దేరిన ప్యాకెట్ సిమ్ దారిలో పోతే అవతలివాళ్లు దాన్ని పడేస్తారు. ఏ అడ్రస్‌తో బయల్దేరిందో ఆ దారిలోనే పంపాలంటే రెండు టేబుళ్లు కావాలి.

ఈక్వల్ కాస్ట్ మల్టీపాత్ అన్నది దాని పక్కనే ఉంటుంది. రెండు దారుల మీదా లోడ్ పంచడానికి ఇది. చాలామంది దీనివల్ల స్పీడ్ రెట్టింపు అవుతుందని ఆశపడతారు. కేఆర్ పురం నుంచి సిల్క్ బోర్డుకు రెండు దారులున్నా, ఒక బస్సు ఒక దారిలోనే వెళుతుంది. అలాగే ఒక డౌన్‌లోడ్ మొత్తం ఒకే కనెక్షన్ మీద నడుస్తుంది. వేర్వేరు కనెక్షన్లు చెరో దారి పడతాయి కాబట్టి ఇంట్లో నలుగురు ఒకేసారి వాడుతున్నప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. కావాలంటే వై పెట్టండి. కానీ రన్‌టైమ్‌లో ఫిబ్_మల్టీపాత్_హాష్_పాలసీని 0 దగ్గరే ఉంచండి. 0 అయితే ఎవరి నుంచి ఎవరికి అన్న రెండు ఐపీ అడ్రస్‌లే లెక్కలోకి వస్తాయి. 1 చేస్తే పోర్టు నంబర్లూ లెక్కలోకి వచ్చి, ఒకే సైట్‌కు వెళ్లే రెండు కనెక్షన్లు రెండు వేర్వేరు పబ్లిక్ ఐపీల నుంచి పోవచ్చు. బ్యాంకు సైట్లలో కొన్ని దీన్ని చూసి లాగౌట్ చేసేస్తాయి. నా సలహా అడిగితే, ఇంటికి మల్టీపాత్ కంటే 'ఈ ల్యాప్‌టాప్ ఈ దారి, మిగతావి ఆ దారి' అని రూల్ రాసుకోవడమే హాయి.

కెర్నల్ తనే ఐపీ తెచ్చుకోవడం

కెర్నల్ లెవెల్ ఆటోకాన్ఫిగరేషన్ అన్న ఆప్షన్ ఇంటి రూటర్‌కు అక్కర్లేదు, ఎన్ పెట్టి ముందుకు వెళ్లండి. కానీ ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆఫీసుల్లో బోర్డులతో పనిచేసేవాళ్లకు ఇది రోజూ తగిలేదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

బోర్డులో డిస్క్ లేకుండా, రూట్ ఫైల్ సిస్టమ్ నెట్‌వర్క్ మీద ఎన్ఎఫ్ఎస్‌లో (వేరే మెషీన్ పంచే ఫోల్డర్‌లో) ఉన్నప్పుడు, ఏ ప్రోగ్రామూ మొదలవకముందే కెర్నల్‌కు ఐపీ అడ్రస్ కావాలి. అందుకే ఈ ఆప్షన్. దీని కింద డీహెచ్‌సీపీ, బూట్‌పీ, ఆర్‌ఏఆర్‌పీ అని మూడుంటాయి. డీహెచ్‌సీపీ ఒక్కటి చాలు. మిగతా రెండూ 1980ల నాటి పద్ధతులు, వాటిని వాడే సర్వర్ మీ దగ్గర ఉంటే తప్ప పెట్టకండి. బూట్ కమాండ్ లైన్‌లో 'ఐపీ=డీహెచ్‌సీపీ' అని కూడా ఇవ్వాలి. ఆప్షన్ పెట్టి ఈ మాట మర్చిపోతే కెర్నల్ అసలు ప్రయత్నించదు.

ఇంకా ముఖ్యమైనది, ల్యాన్ చిప్ డ్రైవర్ ఎం కాకుండా వై ఉండాలి. మాడ్యూళ్లు ఉండేది రూట్ ఫైల్ సిస్టమ్‌లో. ఆ ఫైల్ సిస్టమ్ రావాలంటే నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్ రావాలంటే ఆ మాడ్యూల్ కావాలి. తెర మీద 'ఇంకా 120 సెకన్ల వరకు నెట్‌వర్క్ కోసం చూస్తున్నాను' అనే అర్థం వచ్చే వరుస కనిపిస్తే డ్రైవర్ దొరికింది, కేబుల్‌లోనో స్విచ్‌లోనో లింక్ రాలేదని లెక్క. ఆ వరుస కూడా రాకుండా రూట్ దొరకలేదని ఆగిపోతే ముందు డ్రైవర్‌నే అనుమానించండి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (కెర్నల్‌తో పాటే మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) వాడుతున్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఆ పని అందులోని స్క్రిప్టులు చూసుకుంటాయి.

టీసీపీ వైపు

సిన్ కుకీ సపోర్ట్ వై. 1996లో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద సిన్ ఫ్లడ్ దాడి (సగం కనెక్షన్లతో సర్వర్ వరుసను నింపేయడం) జరిగింది. ఆ రోజుల్లోనే డేనియల్ బెర్న్‌స్టీన్ ఈ ఉపాయం ప్రతిపాదించారు. రన్‌టైమ్ విలువ 1 ఉన్నప్పుడు, వేచి ఉన్న కనెక్షన్ల వరుస నిండితేనే ఇది పనిలోకి దిగుతుంది. మామూలు సమయంలో దీనివల్ల బరువేమీ లేదు.

టీసీపీ అడ్వాన్స్‌డ్ కంజెషన్ కంట్రోల్ (లైన్‌లో రద్దీని బట్టి పంపే వేగం మార్చడం) దగ్గర మాత్రం పొరబడకండి. 2006లో వచ్చిన 2.6.19 నుంచి లైనక్స్‌లో డీఫాల్ట్ క్యూబిక్. 2016 చివర్లో వచ్చిన 4.9తో గూగుల్ ఇంజినీర్లు రాసిన బీబీఆర్ చేరింది. రూటర్ పీసీలో బీబీఆర్ పెడితే ఇంట్లో అందరికీ నెట్ వేగంగా వస్తుందని చెప్పేవాళ్లున్నారు. అది జరగదు. కంజెషన్ కంట్రోల్ అన్నది డేటా పంపే చివరన ఉండే మెషీన్ చేసే పని. మీరు సినిమా చూస్తుంటే పంపేది అవతలి సర్వర్. మధ్యలో ఉన్న రూటర్ ప్యాకెట్‌ను అందుకుని ముందుకు నెట్టడమే చేస్తుంది. ఆ పీసీ నుంచే ఫైళ్లు బయటికి అప్‌లోడ్ చేస్తుంటే బీబీఆర్ పెట్టుకోండి, లేకపోతే క్యూబిక్ ఉండనివ్వండి.

రూటర్‌లో నిజంగా తేడా తెచ్చేది క్యూ. 'క్యూఓఎస్ అండ్/ఆర్ ఫెయిర్ క్యూయింగ్' లోపలికి వెళ్లి ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ రెండూ పెట్టండి. మొదటిది 2012లో 3.5తో, రెండోది 2018లో 4.19తో కెర్నల్‌లోకి వచ్చాయి. ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తుంటే పక్క గదిలో వీడియో కాల్ తెగిపోవడం చూసే ఉంటారు. కారణం ఎక్కువగా ఫైబర్ డబ్బాలో పేరుకుపోయే పొడవాటి క్యూ. మీ అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ అయితే కేక్‌కు 90 అని చెప్పండి. అప్పుడు క్యూ మీ పీసీలోనే తయారవుతుంది, కేక్ దాన్ని పొట్టిగా ఉంచి అందరికీ వంతు వచ్చేలా చూస్తుంది. లైన్ స్పీడ్ కంటే కాస్త తక్కువ చెప్పకపోతే కేక్ పెట్టినా ఫలితం కనిపించదు.

టన్నెళ్లు, పీపీపీఓఈ

ఒక ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపే ఐపీ టన్నెలింగ్, జీఆర్ఈ లాంటివి ఆఫీసు అవసరం ఉంటేనే ఎం పెట్టండి. ప్రతి టన్నెల్ ప్యాకెట్‌లో కొంత చోటు తినేస్తుంది. 1500 బైట్లలో ఐపీ-ఇన్-ఐపీకి 20 పోయి 1480, జీఆర్ఈకి 24 పోయి 1476 మిగులుతాయి. సొంతానికి వీపీఎన్ కావాలంటే వైర్‌గార్డ్ మేలు. అది 2020లో 5.6తో కెర్నల్‌లో చేరింది. అయితే దాన్ని ఈ మెనూలో వెతికితే దొరకదు, డివైస్ డ్రైవర్స్ కింద నెట్‌వర్క్ డివైస్ సపోర్ట్‌లో ఉంటుంది.

పీపీపీఓఈ కూడా అక్కడే. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌లా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ చేసే కనెక్షన్‌ను మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, పీసీ నుంచే డయల్ చేయాలంటే పీపీపీ, పీపీపీఓఈ రెండూ కావాలి. అప్పుడు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 అవుతుంది. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతుంటే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ రూల్ (టీసీపీ ప్యాకెట్లను ఆ సైజుకు తగ్గించేది) వేయలేదని అర్థం.

ఐపీవీ6

వై. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, జియో లాంటి మొబైల్ నెట్‌వర్క్‌లు ఐపీవీ6 మీదే నడుస్తున్నాయి. దాని లోపల పాలసీ రూటింగ్ కోసం మల్టిపుల్ రూటింగ్ టేబుల్స్ కూడా వై పెట్టండి. ఐపీవీ4కి పెట్టింది దీనికి వర్తించదు, ఇది విడి ఆప్షన్.

ఐపీవీ6లో ఫార్వర్డింగ్ ఆన్ చేసిన క్షణం నుంచి కెర్నల్ 'నేనే రూటర్‌ని' అనుకుని, బయటి రూటర్ పంపే అడ్వర్టైజ్‌మెంట్లను ('దారి నా మీదుగా' అనే ప్రకటనలను) పట్టించుకోవడం మానేస్తుంది. అప్పటిదాకా ఉన్న డీఫాల్ట్ రూట్ మాయమవుతుంది. ఫైబర్ వైపు కార్డుకు యాక్సెప్ట్_ఆర్‌ఏ విలువను 2 చేస్తే ఫార్వర్డింగ్ ఉన్నా సరే వాటిని తీసుకుంటుంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడితే అది తనే చూసుకుంటుంది. ఇంకొకటి, ఐపీవీ6లో మామూలుగా నాట్ ఉండదు కాబట్టి ఇంట్లోని ప్రతి ఫోనుకూ బయటి నుంచి చేరుకోగల అడ్రస్ ఉంటుంది. ఫార్వర్డ్ చెయిన్‌ను డ్రాప్‌లో పెట్టి, లోపలి నుంచి మొదలైన కనెక్షన్లను మాత్రం వదలండి. రెండు కంపెనీలు రెండు వేర్వేరు ప్రిఫిక్స్‌లు (అడ్రస్‌ల మొదటి భాగాలు) ఇస్తాయి కాబట్టి మొదట ఐపీవీ6ను ఫైబర్ మీద మాత్రమే నడిపి, అది కుదిరాక సిమ్ సంగతి చూడండి.

నెట్‌ఫిల్టర్ (ఫైర్‌వాల్) మెనూలో కనెక్షన్ ట్రాకింగ్ (నడుస్తున్న కనెక్షన్లను గుర్తుపెట్టుకోవడం), ఎన్ఎఫ్ టేబుల్స్, అందులో నాట్, మాస్కరేడ్, కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూళ్లు ఎం పెడితే సరిపోతుంది.

బిల్డ్, ఇన్‌స్టాల్

మెనూలో సేవ్ చేసి బయటికి వచ్చాక, సోర్స్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉండే 'డిఫ్‌కాన్ఫిగ్'కి పాత ఫైల్, కొత్త ఫైల్ ఇచ్చి ఏమేం మారాయో చూడండి. అనుకోకుండా పోయినవి ఇక్కడే దొరుకుతాయి. డెబియన్, ఉబుంటుల్లో 'మేక్ బిన్‌డెబ్-పీకేజీ' ఇస్తే కెర్నల్ ప్యాకేజీలుగా తయారవుతుంది, తీసేయడం కూడా తేలిక. మధ్యలో కరెంట్ పోయినా కంగారు లేదు, మళ్లీ అదే కమాండ్ ఇస్తే ఆగినచోటి నుంచి అందుకుంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని కెర్నల్‌ను బూట్ కానివ్వదు. సంతకం చేసుకోండి, లేదా బయాస్‌లో దాన్ని ఆపండి. పాత కెర్నల్‌ను మాత్రం తీసేయకండి, గ్రబ్ మెనూలో అది ఉన్నంతకాలం వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

బూట్ అయ్యాక

ఫైబర్ డబ్బా 192.168.1.1, దాని వైపు మన కార్డు 192.168.1.10 అనుకుందాం. సిమ్ రూటర్ 192.168.8.1, దాని వైపు మన కార్డు 192.168.8.10. ఇంటి వైపు 10.0.0.1. కార్డులను ఫైబర్, సిమ్, ఇల్లు అని పిలుస్తాను. మీ మెషీన్‌లో వాటి అసలు పేర్లు 'ఐపీ లింక్' చూపిస్తుంది, అవే వాడండి.

ముందు ఫార్వర్డింగ్. ఈటీసీలోని సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లో ఫైల్ రాసి పెట్టండి, లేకపోతే రీబూట్‌తో పోతుంది.

నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ = 1

తర్వాత ఎన్ఎఫ్ టేబుల్స్ పోస్ట్‌రూటింగ్ చెయిన్‌లో ఫైబర్, సిమ్ రెండు కార్డుల మీదా బయటికి వెళ్లేవాటికి మాస్కరేడ్ వేయండి. మెయిన్ టేబుల్‌లో రెండు డీఫాల్ట్ రూట్లు ఉండాలి, ఫైబర్‌కు మెట్రిక్ 100, సిమ్‌కు 200. చిన్న మెట్రిక్ ఉన్నదే ముందు. ఇప్పుడు విడి టేబుళ్లు:

ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ ఫైబర్ టేబుల్ 101
ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ వయా 192.168.8.1 డెవ్ సిమ్ టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.1.10 టేబుల్ 101
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.8.10 టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 10.0.0.20 టేబుల్ 102

చివరి వరుస ఇంట్లో రెండో ఉద్యోగి ల్యాప్‌టాప్‌ను సిమ్ దారిలో పెడుతుంది. ఇద్దరికీ ఒకే సమయంలో కాల్స్ ఉన్నా ఒకరికొకరు అడ్డు రారు. రూల్ వేయబోతే 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అని వస్తే కెర్నల్‌లో ఐపీ_మల్టిపుల్_టేబుల్స్ లేదని అర్థం, మెనూకు తిరిగి వెళ్లాల్సిందే. 'ఐపీ రూల్' అని ఊరికే ఇస్తే 0, 32766, 32767 నంబర్లతో మూడు పాత రూల్స్, వాటి మధ్యలో మీవి కనిపించాలి.

నిజంగా ప్యాకెట్ వెళ్లే దారి ఏదో కెర్నల్‌నే అడగొచ్చు:

ఐపీ రూట్ గెట్ 8.8.8.8 ఫ్రమ్ 10.0.0.20 ఐఐఎఫ్ ఇల్లు

జవాబులో 'డెవ్ సిమ్' వస్తే రూల్ పట్టింది. పింగ్ కొట్టి ఊహించడం కంటే ఇది నమ్మకమైన పరీక్ష.

జవాబులు రాకపోతే: ఆర్‌పీ ఫిల్టర్

వెళ్లే దారి సరిగ్గానే ఉంది, టీసీపీడంప్‌లో జవాబు ప్యాకెట్ కార్డు దాకా వస్తూ కూడా కనిపిస్తుంది, కానీ ల్యాప్‌టాప్‌కు మాత్రం చేరదు. ఈ పరిస్థితి వస్తే ముందు ఆర్‌పీ_ఫిల్టర్‌ను చూడండి. వచ్చిన ప్యాకెట్ పంపినవాళ్లకు తిరిగి జవాబివ్వాలంటే ఏ కార్డు నుంచి పంపుతానో కెర్నల్ లెక్క వేస్తుంది. అది ప్యాకెట్ వచ్చిన కార్డు కాకపోతే దొంగ అడ్రస్ అనుకుని పడేస్తుంది. విలువ 0 అయితే చూడదు. 1 అయితే కచ్చితంగా అదే కార్డు ఉండాలి. 2 అయితే ఏదో ఒక కార్డు మీద దారి ఉంటే చాలు.

పైన రాసినట్టు 'ఫ్రమ్ అడ్రస్' రూల్స్ అయితే ఆ ఎదురు లెక్కలో కూడా రూల్ పడుతుంది కాబట్టి 1 ఉన్నా సాధారణంగా ఇబ్బంది రాదు. ఫైర్‌వాల్‌లో మార్క్ వేసి, ఆ మార్క్‌ను బట్టి టేబుల్ ఎంచుకునేవాళ్లకే దెబ్బ తగులుతుంది. ఎదురు లెక్కలో కెర్నల్ ఆ మార్క్‌ను మామూలుగా చూడదు. దాంతో జవాబు ఫైబర్ నుంచి వెళ్లాలని తేల్చి, సిమ్ మీద వచ్చిన ప్యాకెట్‌ను పడేస్తుంది. ఎస్ఆర్‌సీ_వ్యాలిడ్_మార్క్‌ను 1 చేయొచ్చు, లేదా ఆర్‌పీ_ఫిల్టర్‌ను 2కి మార్చొచ్చు. రెండు కనెక్షన్ల ఇంటికి నేను 2నే చెబుతాను.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ విలువ 'ఆల్' పేరు కింద ఒకటి, ప్రతి కార్డుకూ ఒకటి ఉంటుంది. కెర్నల్ రెండింట్లో పెద్దది తీసుకుంటుంది. 'ఆల్'లో 0 పెట్టినా కార్డుకు 1 ఉంటే 1 కిందే లెక్క. కానీ 'ఆల్'లో 2 పెడితే అన్ని కార్డులకూ 2 అవుతుంది.

కారణం ఇదేనా అన్న అనుమానం తీరాలంటే 'ఎన్‌స్టాట్ -ఏజెడ్' ఇచ్చి ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ అనే కౌంటర్ చూడండి. మీరు పింగ్ చేస్తున్నకొద్దీ ఆ అంకె పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. లాగ్_మార్షియన్స్‌ను 1 చేస్తే డీమెసేజ్‌లో ఏ అడ్రస్ నుంచి ఏ కార్డు మీద వచ్చినవి పడేస్తోందో వరుసగా రాస్తుంది.

ఫైబర్ పోయినప్పుడు

మెట్రిక్‌లు పెట్టేశాం కదా, ఫైబర్ పోగానే సిమ్‌కు మారిపోతుందనుకోవద్దు. రోడ్డు మీద కేబుల్ తెగినా మీ గోడకున్న ఫైబర్ డబ్బాకూ పీసీకీ మధ్య వైరు బాగానే ఉంటుంది. కెర్నల్‌కు లింక్ ఉన్నట్టే కనిపిస్తుంది, అదే దారిలో పంపుతూనే ఉంటుంది. ఆఖరికి ఆ వైరు ఊడదీసినా డీఫాల్ట్‌గా ఆ రూట్‌ను వదిలేయదు. ఇగ్నోర్_రూట్స్_విత్_లింక్‌డౌన్‌ను 1 చేస్తేనే వదులుతుంది. అది 1 చేసి పెట్టుకోండి.

కేబుల్ తెగడం కనిపెట్టడానికి చిన్న స్క్రిప్ట్ తప్పదు. కొన్ని సెకన్లకోసారి 'పింగ్ -ఐ 192.168.1.10' (ఐ పెద్ద అక్షరం) తో బయటి అడ్రస్‌ను పలకరించాలి. ఆ అడ్రస్‌కు విడి రూల్ వేశాం కాబట్టి మెయిన్ టేబుల్‌లో ఏముందన్న దానితో పనిలేకుండా పింగ్ ఫైబర్ దారిలోనే వెళుతుంది. వరసగా కొన్ని పింగ్‌లు పోతే మెయిన్ టేబుల్‌లోని మెట్రిక్ 100 రూట్‌ను తీసేయాలి, తిరిగి పలికినప్పుడు మళ్లీ పెట్టాలి. 101 టేబుల్‌ను ముట్టుకోకండి. అది పోతే పింగ్ కూడా సిమ్ దారి పట్టి, ఫైబర్ బాగైపోయిందని తప్పుగా చెబుతుంది. సిమ్ దారిలో పెట్టిన ల్యాప్‌టాప్‌కూ ఇలాంటి ఏర్పాటే కావాలి. సిమ్ పింగ్ ఆగితే 10.0.0.20 రూల్‌ను తీసేస్తే చాలు, అది మెయిన్ టేబుల్‌కు వచ్చి ఫైబర్ పట్టుకుంటుంది.

దారి మారాక కొత్త సైట్లు తెరుచుకుంటాయి కానీ నడుస్తున్న కాల్, వైర్‌గార్డ్ మాత్రం కాసేపు మూగబోవచ్చు. కనెక్షన్ ట్రాకింగ్‌లో వాటి పాత ఎంట్రీ ఫైబర్ అడ్రస్‌తోనే ఉంటుంది. మాస్కరేడ్ వేసిన కనెక్షన్ ప్యాకెట్ వేరే కార్డు మీద బయటికి వెళ్లబోతే కెర్నల్ ఆ ఎంట్రీని తనే తీసేస్తుంది, కానీ దాని కోసం ఆగకుండా అన్నిటినీ ఒకేసారి చెరిపేయడం మేలు. కన్‌ట్రాక్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని, స్క్రిప్ట్‌లో రూట్ మార్చిన వెంటనే 'కన్‌ట్రాక్ -ఎఫ్' (ఎఫ్ పెద్ద అక్షరం) వరుస చేర్చండి. పాత ఎంట్రీలన్నీ చెరిగిపోయి, తర్వాతి ప్యాకెట్ నుంచి సిమ్ అడ్రస్‌తో కొత్తగా మొదలవుతాయి. టీసీపీ మీద నడిచేవి ఓసారి తెగి మళ్లీ కలుస్తాయి. యూడీపీ మీద నడిచే వైర్‌గార్డ్ తనంతట తానే అందుకుంటుంది.